మింటినుండి నగరముల నానవాలు పట్టుట

పుష్పకవిమానము లంకనుండి పైకి లేచినప్పుడు శ్రీరాముడు సీతాదేవికి క్రింద నగుపడు ప్రదేశముల నొక్కొక్కటిగా చూపుచు వచ్చెనని వాల్మీకి రామాయణము యుద్ధకాండము చివర నున్నది. కాళిదాసు రఘువంశము పదుమూడవ సర్గములో నీ ఘట్టమునే విస్తరించి వర్ణించెను. రాముడు సీతకు చూపిన గుర్తులేవి? సముద్రము, సేతువు, ఋశ్యమూకము, పంపాసరస్సు, గోదావరి, గంగాయమునలు, సరయువు. మేడల ప్రసక్తి తక్కువ. పైనుండి చూచువారికి మొదట కంటబడునవి నీళ్లును, కొండలును, వానినడుమ దారులును అని మన పూర్వులు విమానము నెక్కకయే యెఱిగియుండిరి.

నేడు విమాన మెక్కని వారికిని ఈ వినోదము సులభమైనది. చేతిలోని ఫోనునందే ఉపగ్రహములు తీసిన చిత్రములు దొరకుచున్నవి. మేము కొన్ని మాసములుగా సాయంకాలములందు పిల్లలతో గూర్చుండి, ఊరి పేరు కప్పివైచి, పైనుండి తీసిన చిత్రమును మాత్రము చూపి, “ఇది యే నగరము?” అని యడుగుచున్నాము. ఆటగా నారంభించిన యీ పనివలన మాకొక సంగతి బోధపడినది. దానిని సోదరీమణులతో ముచ్చటించుటయే మా యుద్దేశము.

మింటినుండి నగరమును చిత్రించుట క్రొత్త విద్య కాదు. 1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు బెలూను నెక్కి పారిసు పరిసరములను తొలిసారిగా చిత్రించెను. ఆ చిత్రములు నేడు లేవు. 1860లో అమెరికాలో జేమ్సు వాలెస్ బ్లాక్ అనునాతడు బోస్టను నగరమును బెలూనునుండి తీసిన చిత్రము మాత్రము నిలిచినది. నేడు దొరకుచున్న యిట్టి చిత్రములలో నదియే ప్రాచీనమైనదని చెప్పుదురు.

ఆనవాలు పట్టుటలో మొదటి గుర్తు నీరు. వెనిసు నగరమధ్యమున పెద్దకాలువ మెలితిరిగిన పామువలె నుండును. దానిని చూచినచో నింకొక ఊరని భ్రమపడుట కష్టము. ఇస్తాంబులు రెండు ఖండములమీద కూర్చున్నది. నడుమ బాస్ఫరసు జలసంధి నీలపు పట్టీవలె సాగును. లండనును థేమ్సునది వంపులను బట్టి పోల్చవచ్చును. మన బొంబాయి సముద్రతీరమున మెరీను డ్రైవు కొడవలివలె వంగియుండును. మా పిల్లలు దీనిని మొదటి చూపుననే పట్టివేసిరి.

రెండవ గుర్తు వీథుల తీరు. పారిసులో విజయతోరణము చుట్టును పండ్రెండు రాజమార్గములు చక్రపు టాకులవలె వెడలును. ఆ కూడలికి పూర్వము నక్షత్రమని పేరు. 1853 తరువాత హౌస్మను అను నధికారి పాత సందులను కూల్చి యా నగరమునకు వెడల్పాటి వీథులను తీర్చెను. బార్సిలోనాలో 1859 నాటి సెర్దా ప్రణాళికను బట్టి కట్టిన పేటలు చదరంగపు బల్లవలె నుండును. అయితే ప్రతి చదరమునకును నాలుగు మూలలు కోసివేయబడియుండుటచే అవి యెనిమిది కోణముల పలకలవలె కనబడును. 1960లో బ్రెజిలు దేశమునకు రాజధానియైన బ్రెజీలియా ఱెక్కలు చాచిన విమానము రూపున నున్నది.

మూడవ గుర్తు బయలు. న్యూయార్కునందలి మాన్‌హాటను దీవి మిన్నుముట్టు మేడలకు ప్రసిద్ధి. కాని పైనుండి చూచినప్పుడు ఆ మేడలు ఇటికలు పేర్చినట్లుండి యొకదానికొకటి భేదము తెలియదు. తెలియునది నడుమనున్న పచ్చని నిలువుచదరము. అది 843 ఎకరముల సెంట్రలు పార్కు. 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనువారల చిత్రపటము నెన్నుకొని దాని నేర్పరచిరి. అంతటి మేడల నగరమును పిల్లలు పోల్చుకొనుచున్నది మేడలు కట్టని చోటును బట్టి! నిట్టనిలువుగా చూచినచో కుతుబు మీనారైనను నొక చుక్కయే గదా. ఎత్తైన కట్టడమునకు గౌరవము నేలమీద నిలుచువారి కన్నులందే. మింటనుండి చూచువారికి దాని నీడ మాత్రమే మిగులును.

ఈ మూడు గుర్తులతో మన ఊళ్లను చూడుడు. విశాఖపట్టణమునకు సముద్రములోనికి మూతి చాచిన డాల్ఫినుముక్కు కొండ చాలును. విజయవాడకు కృష్ణానదియు, దాని కడ్డముగా 1957లో ముగించిన ప్రకాశం బారేజియు గుర్తులు. ఆనకట్టకు పైన నిండునీరు, క్రింద నిసుకతిన్నెలు. రాజమహేంద్రవరమున గోదావరిమీద విల్లులు వరుసగా నిలిపినట్లున్న రైలువంతెన కానవచ్చును. అది 1997లో నేర్పడినది. అన్నిటికంటె మమ్ము ముగ్ధులను జేసినది ఓరుగల్లు. కాకతీయుల కోట పైనుండి చూచినచో వలయములో వలయముగా నగపడును. వెలుపలి మట్టికోట వ్యాసము సుమారు 2.4 కిలోమీటరులు, లోపలి రాతికోట వ్యాసము సుమారు 1.2 కిలోమీటరులు. నేడా వలయములలో పొలములును, ఇండ్లును, దారులును నిండినను, ఆ గుండ్రని గీత చెరగలేదు. ఏడువందల యేండ్ల వెనుకటి పట్టణమును నేటి పసిపిల్ల వ్రేలితో చూపగలుగుచున్నది.

ఇక హైదరాబాదు. చిత్రము చూపగానే పిల్లలు చార్మినారుకొఱకు వెదకిరి. 1591లో గట్టిన యా కట్టడము పైనుండి చిన్న చదరము. దానిని చూపునవి నాలుగు దిక్కులకును పోవు నాలుగు వీథులు. దానికంటె ముందు కంటబడినది హుస్సేనుసాగరము. చార్మినారునకు సుమారు ముప్పది యేండ్లు పూర్వము, ఇబ్రహీం కుతుబుషా కాలమున, 1562 ప్రాంతమున దీనిని త్రవ్వించిరి. హైదరాబాదు సికిందరాబాదులను కలుపు కట్టయు, నీటినడుమ 1992లో నిలిపిన బుద్ధవిగ్రహమున్న బండయు దీనికి గుర్తులు. ఊరుకంటె ముందే చెరువు పుట్టినది. నేడును ఊరి నానవాలు పట్టించునది చెరువే.

సాగరమునకు పడమటిదిక్కున నున్నవి అమీర్‌పేట, పంజగుట్ట. నగరమున నత్యంతము రద్దీయైన ప్రదేశములలో నివి చేరినవి. అమీరు పేరిట నొక పేట, బేగము పేరిట నొక పేట, పంజగుట్ట పేరులోనే యొక గుట్ట. ఈ పేటల చిత్రమును మాత్రము కత్తిరించి చూపినప్పుడు మా యింట నెవ్వరును పోల్చలేకపోయిరి. ఇండ్లకప్పు లొకదానినొకటి యొరసికొని సాగుచున్నవి. చెప్పుకొనదగిన నీరు లేదు, బయలు లేదు. ఈ పేటలను పోల్చుకొనవలెనన్న వాని చుట్టునున్నవానిని పట్టుకొనవలెను.

ఈశాన్యమున బేగంపేట విమానాశ్రయపు పరుగుబాట తెల్లని కొలకఱ్ఱవలె తూర్పు పడమరలుగా పరచుకొనియున్నది. నిజాముల కాలమునాటి యీ విమానాశ్రయమునుండి 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. పరుగుబాట మాత్రము నిలిచియున్నది. సోదరీమణు లెఱుగదగిన విశేష మొకటి దీనికి సంబంధించియున్నది. 1945లో హైదరాబాదున దక్కను ఎయిర్‌వేసు అను సంస్థ స్థాపితమైనది. ప్రేం మాథుర్ అను యువతి విమానచోదనమున యోగ్యతాపత్రము పొంది, ఉద్యోగమునకు పలు సంస్థల ద్వారములు తట్టి నిరాకరింపబడగా, 1947లో నామెకు పని యిచ్చినది యీ హైదరాబాదు సంస్థయే. భారతదేశమున వాణిజ్యవిమానములను నడిపిన ప్రథమమహిళ ఆమె. ఆ దినములలో యంత్రసాధనములు తక్కువ. చోదకులు నదులను, చెరువులను, రైలుపట్టాలను చూచి దారి పోల్చుకొనవలసియుండెను. కావున మింటినుండి యానవాలు పట్టు విద్య మన స్త్రీలకు సీతాదేవితో ముగిసిపోయినది కాదు.

నైరృతిదిశను బంజారా కొండలున్నవి. ఆ వైపుననే కాసు బ్రహ్మానందరెడ్డి వనము పచ్చని మచ్చగా కనబడును. తూర్పున సాగరము. నడుమ మెట్రోరైలు దారులు రెండు అమీర్‌పేటవద్ద నొకదానిమీద నొకటి దాటుచున్నవి. మియాపూరునుండి ఎల్.బి. నగరునకు పోవునదొకటి, నాగోలునుండి రాయదుర్గమునకు పోవునది రెండవది. 2017 నవంబరు మాసాంతమున మెట్రో మొదలైననాటినుండి నగరములోని పేటలను పోల్చుటకు ఈ కత్తెరగుర్తుకంటె తేలికైనది లేదు.

చిత్రము చూచి తృప్తిపడక, మేమొక ఆదివారము పిల్లలను వెంటబెట్టుకొని అమీర్‌పేట స్టేషనులో రైలెక్కి ఖైరతాబాదువఱకు పోయి వచ్చితిమి. హైదరాబాదు మెట్రో యంతయు స్తంభములమీదనే నడచుచున్నది, సొరంగమెక్కడను లేదు. కనుక స్వల్పవ్యయముతో దొరకు పుష్పకమిది. నేలమీద నుండగా అంగళ్ల పలకలును, బట్టలదుకాణముల బొమ్మలును తప్ప మఱేమియు కానరాని వీథులు, పైకి పోగానే డాబాలుగా మాఱినవి. నీటితొట్లు, ఆరవేసిన ఓణీలు, తులసికుండలు, వడియాలు పెట్టిన చాప. గృహిణుల సంసారమంతయు నగరమునకు నెత్తిమీద నున్నట్లు తోచినది. అమీర్‌పేటనుండి పంజగుట్టకు పోవునప్పుడు ఎడమవైపు సాగరపు దిక్కు, కుడివైపు కొండల దిక్కు అని పిల్లలకు చెప్పితిమి. తరువాతి స్టేషను ఎఱ్ఱమంజిలు.

తిరుగురైలులో మా ప్రక్కను కూర్చున్న యొక చిన్నది జిల్లానుండి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చుకొనుచున్నది. మైత్రీవనము చుట్టుపట్ల నిట్టి శిక్షణాలయములును, వానికి తోడుగా ఆడపిల్లల వసతిగృహములును పెక్కు గలవు. తెలుగుదేశము నలుమూలలనుండి మన బిడ్డలు అక్కడికి వచ్చుచున్నారు. ఈ చిన్నది వచ్చిన క్రొత్తలో స్టేషను మెట్లు దిగగానే ఏ దారి యెటు పోవునో తెలియక కలవరపడెడిదట. ఒక ఫలహారశాల పలకను గుర్తు పెట్టుకొన్నది. పదునైదు దినములలో ఆ దుకాణమే మాఱిపోయినది. “రోజూ రాత్రి అమ్మ ఫోన్‌ల అడిగేది ఒక్కటే ఆంటీ, ‘ఏడున్నవు బిడ్డా?’ అని. నాకే తెల్వకపోతే ఏమని చెప్పాలె?” అని నవ్వినది. నవ్వుచు చెప్పినను ఆ మాట మా మనస్సులను కదలించినది.

పలకలు మాఱును, దుకాణములు మాఱును. సత్యం థియేటరు అమీర్‌పేటలో నెన్నియో యేండ్లు గుర్తుగా నుండెడిది. దానిని తొలగించిన స్థలమున 2023లో క్రొత్త చిత్రశాలల భవనము వెలసినది. ఫోనులోని పటమును నమ్ముకొందమన్నచో, దానిలో విద్యుత్తు సన్నగిల్లిన గడియలో నేమి గతి? మేము చిన్నదానికి మాఱని గుర్తు లేవో చెప్పితిమి. పడమర మెట్ట, తూర్పు పల్లము. వాననీరు పారుదిక్కు సాగరపు దిక్కు. రైలుదారులు దాటుకొను చోటు పేటకు నడిబొడ్డు. అక్కడినుండి ఉత్తరముగా పోయినచో బల్కంపేట యెల్లమ్మ గుడి, దక్షిణముగా పోయినచో పంజగుట్టయు, నిమ్సు ఆసుపత్రియు. ఆమె తన పుస్తకపు వెనుక అట్టమీద నొక చిన్న పటము గీచికొన్నది. అది యామెకు నూఱు పలకలకంటె నెక్కువ తోడు.

ఇచట బల్కంపేట యెల్లమ్మనుగూర్చి యొకమాట చెప్పవలెను. ఆ తల్లి నేలమట్టముకంటె దిగువన బావిలో వెలసియున్నది. ఏటేట ఆషాఢమాసములో నామెకు కల్యాణము జరుగును. ఉపగ్రహచిత్రములో గుడి కప్పు మాత్రమే తెలియును గాని, అమ్మవారున్నది లోతున, నీటిచెంత. ఈ పేటలకు పూర్వరూపమేమో తెలిసికొనగోరువారికి దీనికంటె మంచి సూచన యేమున్నది? ఇక్కడ బావులుండెను, వానిక్రింద ఊటయుండెను, వాగు లుండెను. కూకట్‌పల్లి నాలా బల్కంపేట, బేగంపేటల మీదుగా పోయి సాగరమున కలియును. బంజారా నాలా కొండల వైపునుండి దిగి సాగరమును చేరును. నేడు వానిమీద వంతెనలును, వానిగట్లను ఇండ్లును వచ్చినందున నడచిపోవువారికి మురుగుకాలువలుగా మాత్రమే తోచును. వానికిని చెరువునకును గల చుట్టఱికము పైనుండి చూచినప్పుడే తెలియును.

2000 సంవత్సరము ఆగస్టు 24వ తేదీన నగరమున నొక్కదినములో సుమారు 24 సెంటీమీటరుల వాన కురిసినది. నాలాలు పొంగి బేగంపేట ప్రాంతములు మునిగినవి. ఇండ్లలోని బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు నీటిపాలైనవి. పటములో మనము చెరిపివేసిన గీతను నీరు మఱవలేదు. 2020 అక్టోబరులో మఱల నట్టి యుపద్రవము నగరమునకు కలిగినది. వరదలో నెక్కువగా శ్రమపడినది గృహిణులే యనుట మన కనుభవమే. నీటిగుర్తు తెలిసియున్న తల్లి యిల్లు అద్దెకు దీసికొనునప్పుడు “ఈ వీథికి పల్లమెటు? నాలా యెంత దూరము?” అని యడుగును. తెలియని తల్లి గోడల రంగు చూచి మురియును. ఆటయని యారంభించిన విద్యకు అసలు ప్రయోజన మిదియే.

నీటివలెనే కొండమీది కట్టడమును కాపాడుకొనదగినదే. పంజగుట్ట దాపున గుట్టమీదనున్న ఎఱ్ఱమంజిలును 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్‌ముల్కు కట్టించెను. ఆయన పెట్టిన పేరు ఇరం మంజిలు. ఇరమనగా స్వర్గమునందలి తోట. తెలుగువారి చెవికది ఎఱ్ఱమంజిలు. 2019లో ఈ సౌధమును తొలగించి శాసనసభాభవనము కట్టవలెనని ప్రభుత్వము నిశ్చయింపగా, ఆ సంవత్సరము సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసినది. ఫక్రుల్‌ముల్కు నవాబెవ్వరో యెఱుగనివారికిని ఆ గుట్ట దిక్కు చూపుచున్నది. ఆనవాలనగా నిదియే: దాని కథ తెలియనివారికిని దారి చూపగలుగుట.

కొందఱు ‘మన నగరమునకును ప్రపంచనగరములవలె నింకను ఎత్తైన గోపురములు కావలెను’ అందురు. కట్టుకొనవచ్చును, మేము కాదనము. కాని పారిసును, న్యూయార్కును, ఓరుగల్లును చూచి మేము తెలిసికొన్నదేమన, ఒక నగరము పదికాలములపాటు పోలిక చెడక నిలుచుట నీటికి, బయలునకు, వీథులకు దాని ప్రజలు చూపిన మర్యాదమీద నాధారపడియున్నది. ఎత్తైన మేడను మించిన మేడ మఱునాడు లేచును. చెరువు పూడిపోయినచో దానికి బదులు మఱియొక చెరువు లేవదు. హుస్సేనుసాగరమే మొదటికంటె చిన్నదైపోయినది. పంజగుట్టనుండి గుట్టయు, అమీర్‌పేట చెంతనుండి సాగరమును తీసివేసినచో మిగులున దెట్టి ఊరు? ఏ నగరముతోనైనను పొరపడదగిన ఇండ్లకప్పుల గుంపు.

సోదరీమణు లీ సెలవుదినములలో నొక పని చేయుడు. పిల్లలచేత మీ పేట పటమును జ్ఞాపకమునుబట్టి గీయింపుడు. దుకాణముల పేర్లు వలదనుడు. పల్లమెటు, నీరెటు పారును, పాత బావి యెక్కడ, గుడియో మసీదో యెక్కడ, ఆటస్థల మెక్కడ అని మాత్రము గుర్తింపజేయుడు. ఇంటి పెద్దమ్మ నడిగి ఆమె చిన్ననాటి చెరువు నందు చేర్పుడు. పిదప ఉపగ్రహచిత్రముతో పోల్చి చూడుడు. ఏ గుర్తు నిలిచినదో, ఏది పోయినదో పిల్లలే చెప్పుదురు. నిలిచినదానిని కాపాడవలెనను బుద్ధియు వారికే పుట్టును. పరాయి ఊరిలో నున్న బిడ్డను తల్లి “ఏడున్నవు?” అని యడిగినప్పుడు, బిడ్డ తడబడక దిక్కును, దారిని చెప్పగలుగును. ఆ తల్లి యారాత్రి నిశ్చింతగా నిదురించును.